బెర్నినా ఎక్స్‌ప్రెస్‌లో జులైకి సీట్లు లేకపోతే

స్విట్జర్లాండ్‌లోని కూర్ నుంచి ఆల్ప్స్ కొండల మీదుగా టిరానోకి వెళ్లే బెర్నినా ఎక్స్‌ప్రెస్ రైల్లో, స్విస్ ట్రావెల్ పాస్ (ఆ దేశంలో రైళ్లలో తిరిగే పాస్) ఉన్నా జులైకి నలుగురికి సీట్లు చూపించడం లేదని అడిగారు కదా, పాస్‌లో తప్పేమీ లేదు. అది టికెట్ ఖర్చు వరకే. ఆ రైలు పనోరమిక్ (పెద్ద అద్దాల) బోగీల్లో సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి డబ్బు వేరే.

ముందు నలుగురికి కాకుండా ఇద్దరిద్దరికి వెతకండి, విడివిడిగా మిగిలిన సీట్లు బయటపడతాయి. కూర్ నుంచి కాకుండా దారిలోని సెయింట్ మోరిట్జ్–టిరానో భాగానికి, టిరానో నుంచి వెనక్కి కూడా చూడండి.

దొరక్కపోయినా దిగులు అక్కర్లేదు. కూర్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి, అక్కడి నుంచి టిరానోకి మామూలు రైళ్లు దాదాపు గంటకొకటి ఉంటాయి. అదే పట్టాలు, అదే 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన, అదే 2,253 మీటర్ల ఎత్తులోని ఓస్పిజియో బెర్నినా స్టేషన్. రిజర్వేషన్ అక్కర్లేదు, పాస్ చాలు. పైగా కొన్ని కిటికీలు తెరుచుకుంటాయి కాబట్టి ఫొటోల్లో అద్దం మెరుపు పడదు. ఫొటోలే ముఖ్యమైతే నా ఓటు వీటికే.

టిరానో వైపు వెళ్లేటప్పుడు కుడి పక్క కూర్చోండి. జులైలో పొద్దున్నే మొదటి రైళ్లు పట్టుకోండి, పది దాటాక కిటికీ సీటు కష్టం. టిరానో ఇటలీలో ఉంది, పాస్‌పోర్టులు మర్చిపోకండి.