సమాధానం: ఫోటోలు కలిపాక బొమ్మ వణుకుతోంది

యానిమేషన్ కోసం మీరు చేత్తో గీసిన 12 బొమ్మలు లైట్ బాక్సు (కింది నుంచి వెలుగు వచ్చే గీత పలక) మీద సరిగ్గా కనబడి, ఫోన్‌తో ఫోటోలు తీసి కలిపాక వణుకుతున్నాయంటే, ఫోటో ఫోటోకీ కాగితం కాస్త జరుగుతోంది. మీ గీతను అనుమానించకండి.

గీసేటప్పుడు పెగ్‌బార్ (కాగితం రంధ్రాల్లో దూరి దాన్ని జరగకుండా పట్టే పెగ్‌లు, అంటే పొట్టి పుల్లలు ఉన్న పట్టీ) వాడి, ఫోటో వేళకు కాగితాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టేస్తారు చాలామంది. అక్కడే చెడుతుంది. ఏ పెగ్‌బార్ మీద గీశారో దానికే తగిలించి ఫోటో తీయాలి.

1. పెగ్‌బార్‌ను బల్లకు టేపుతో గట్టిగా అతికించండి.
2. ఫోన్‌ను నిటారుగా కిందికి చూసేలా స్టాండుకు బిగించండి. ఫోకస్ లాక్ చేసి టైమర్ పెట్టండి, వేలు తగిలినా ఫోన్ కదులుతుంది.
3. ఒకే బొమ్మను ఫోటో తీసి, ఊడదీసి, మళ్ళీ తగిలించి ఇంకొకటి తీయండి. రెండూ మార్చి మార్చి చూడండి. ఈ పరీక్ష తప్పకుండా చేయండి. బొమ్మ కదిలిందా, పెగ్‌లకు రంధ్రాలు వదులయ్యాయేమో చూడండి.

పెగ్‌బార్ కొనలేకపోతే ఆఫీసు పంచింగ్ మెషీన్ చాలు. దాని రెండు రంధ్రాల మధ్య దూరం 80 మి.మీ., ఒక్కోటి సుమారు 6 మి.మీ. వెడల్పు. ఆ కొలతకు రెండు గుండ్రటి చెక్కపుల్లలు మందపాటి అట్టకు అతికించండి. కాగితాలన్నిటికీ అదే మెషీన్ వాడాలి, అదీ గీయకముందే, రెండు మూడు చొప్పున. దొంతరగా గుద్దితే అడుగువి జారతాయి.

మీ 12 కాగితాలకు రంధ్రాలు సరిగ్గా ఉంటే మళ్ళీ గీయక్కర్లేదు. ఫోటోలు మళ్ళీ తీయండి చాలు.