గరుడ సేవ రోజు సెలవు ఎవరికివ్వాలి?

అన్నా, మీ లాడ్జిలో గరుడ సేవ రోజే నలుగురూ సెలవు అడిగారని, ఒకరికిస్తే మిగతావాళ్లు అలిగారని రాశారు. ముందు అడిగినవాళ్లకే సెలవు అనే పద్ధతి మానేయండి. నోరులేనివాడే ఎప్పుడూ నష్టపోతాడు. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవ అని అందరికీ తెలిసిందే కదా, నెల ముందే డ్యూటీ చార్టు కౌంటర్ వెనక అంటించండి. ఆ రాత్రి పనిచేసినవాళ్లకి మే నెలలో గంగమ్మ జాతరకి సెలవు ఖాయమని అందులోనే రాయండి. తిరుపతి వాళ్లకి జాతర సెలవంటే మాటలా! అదనపు గంటలకి రెట్టింపు జీతం చట్టంలోనే ఉంది, దాన్ని మీ దయలా చెప్పకండి. బాగా అలిగిన సీనియర్‌తో మాత్రం అందరి ముందూ వద్దు, రష్ తగ్గిన మధ్యాహ్నం టీ తెప్పించి మాట్లాడండి. వచ్చేసారి చార్టు ఆయన్నే వేయమనండి, మీరు చూసి సంతకం పెడితే చాలు.