బిల్లు బావమరిది పేరున, జాయ్‌స్టిక్ గుణుపురంలో: కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. కిరాణా కొట్టు నడుపుతాను. మా అబ్బాయికి కంప్యూటర్‌లో విమానం నడిపే గేమ్‌లంటే ప్రాణం. కీబోర్డుతో కుదరట్లేదంటే ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలు పెట్టి జాయ్‌స్టిక్ (విమానం నడపడానికి వంచే కర్ర) కొన్నాను. ‘హాల్ ఎఫెక్ట్ సెన్సర్, అరగదు’ అని ప్రకటనలో ఉంది. త్వరగా వస్తుందని పార్వతీపురంలోని మా బావమరిది అకౌంటు నుంచి, అతని అడ్రసుకే తెప్పించాం. డబ్బు మాత్రం నా ఫోన్ నుంచే పోయింది. పదో రోజు నుంచి చెయ్యి తీసేసినా విమానం ఎడమకి ఒరిగిపోతోంది. మావాడు స్క్రూలు విప్పి చూసి, లోపల ఉన్నది అయస్కాంతంతో పనిచేసే ఆ హాల్ సెన్సర్ కాదు, రాసుకుని అరిగిపోయే మామూలు పొటెన్షియోమీటర్ అంటున్నాడు. ఏడు రోజుల గడువు దాటింది, పైగా సీలు చింపారు అని అమ్మినవాళ్లు చేతులెత్తేశారు. వాళ్లది ఢిల్లీ. కేసు ఎక్కడ వేయాలి? బిల్లు నా పేరున లేకపోతే చెల్లుతుందా? ఇంకోటి కొంటే ఏం చూసుకోవాలి?

జవాబు: రాయగడలోనే వేయండి. ఢిల్లీ టికెట్టు అక్కర్లేదు. 1986 నాటి పాత చట్టంలో అయితే అవతలివాళ్లు ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో వెతుక్కోవాల్సి వచ్చేది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. మీ ఆధార్‌లో గుణుపురం అడ్రసు ఉంటే చాలు.

బిల్లు గురించి టెన్షన్ పడకండి. కొన్నవాడి అనుమతితో వాడుకునేవాడు కూడా ఈ చట్టం దృష్టిలో వినియోగదారుడే. పైగా డబ్బు కట్టింది మీరే కాబట్టి ఆ యూపీఐ రసీదు దాచండి. మీ బావమరిది చేత ‘ఇది మా బావ గారి కోసం, ఆయన డబ్బుతో కొన్నది’ అని చిన్న అఫిడవిట్ రాయించి జత చేయండి.

‘ఏడు రోజుల గడువు’ అన్న మాటకి భయపడాల్సిన పని లేదు. నచ్చలేదని వెనక్కి ఇచ్చే గడువు వేరు, లోపం ఉన్న సరుకు వేరు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పిన గుణాలు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగి ఇవ్వననడానికి వీల్లేదు. ఆ నియమంలో ఏడు రోజుల మాటే లేదు.

ఇక అసలు సంగతి. మీకు కాస్త కష్టంగా అనిపించినా చెప్పాలి. మీవాడు చూసిన పొటెన్షియోమీటర్ ఏ కదలికది? కర్రని ముందుకీ వెనక్కీ, పక్కలకీ వంచుతాం, మెలి తిప్పుతాం కూడా. మెలి తిప్పితే గేమ్‌లో రడ్డర్ (విమానం ముక్కుని పక్కకి తిప్పే తోక రెక్క) కదులుతుంది. వంచడానికి హాల్ సెన్సర్ పెట్టి, మెలికకి మాత్రం పొటెన్షియోమీటర్ వాడే జాయ్‌స్టిక్‌లు ఉన్నాయి. పేరున్న థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎమ్ కూడా అలాంటిదే. మీవాడు చూసింది మెలిక దగ్గరిదైతే, ప్రకటనలో ‘హాల్ సెన్సర్’ అని మాత్రమే ఉంటే, అబద్ధం చెప్పలేదని అవతలి లాయరు వాదిస్తాడు. ‘అన్ని యాక్సిస్‌లకీ’ (అంటే అన్ని కదలికలకీ) అని రాసి ఉంటే గనక మీ కేసు బలంగా ఉంటుంది. అందుకే ఆ పేజీ మొత్తం ఈరోజే స్క్రీన్‌షాట్ తీయండి. రేపు వాళ్లు ఒక్క మాట మార్చేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు.

ఒకవేళ ఆ వాదన నిలవకపోయినా, పది రోజులకే ఒరిగిపోవడం దానికదే లోపం. దాన్ని నిరూపించడం తేలిక. విండోస్‌లో రన్ బాక్సు తెరిచి ‘జాయ్ డాట్ సీపీఎల్’ (joy.cpl) అని కొడితే పరీక్ష పేజీ వస్తుంది. ముందు కేలిబ్రేషన్ (కర్ర మధ్య స్థానాన్ని కంప్యూటర్‌కి సరిగ్గా చూపించడం) చేయండి, లేకపోతే మీ సెట్టింగే తప్పంటారు. తర్వాత చెయ్యి తీసేసి, తెర మీది గుర్తు మధ్యలో నిలవకుండా పక్కకి పోతున్నట్టు, బల్ల మీద జాయ్‌స్టిక్ కూడా కనబడేలా ఒకే వీడియోగా తీయండి. ల్యాబ్ పరీక్ష అడగొచ్చు గానీ, ఆ ఫీజు ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు. 4,200 వస్తువుకి అది గిట్టుబాటు కాదు.

సీలు చింపడం మీకు కొంత నష్టమే. మీవాడే పాడుచేశాడని అంటారు. అయితే విప్పకముందే ఒరిగిందని చూపించే చాట్, మెయిల్ ఏదైనా ఉంటే ఆ మాట నిలబడదు. తేదీలు చూసుకోండి.

ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. అలాగే వెబ్‌సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అమ్మినవాళ్లనీ వెబ్‌సైటునీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కాగితాలు ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉండాలి. తెలుగు చాట్‌లకి అనువాదం జత చేయండి. రెండేళ్ల లోపు వేయాలి. లాయరు అక్కర్లేదు, మీరే వాదించుకోవచ్చు. (నాలాంటి వాడి ఫీజు మీ జాయ్‌స్టిక్ ధర దాటిపోతుంది.) వేలల్లో నష్టపరిహారం ఊహించుకోకండి. వస్తువు డబ్బు, కొద్దిగా ఖర్చులు వస్తే సంతోషించండి. ల్యాబ్ పరీక్ష లేని కేసు మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. వాయిదాలు మీకు తెలియనివి కావు.

ఇంకోటి కొనేటప్పుడు చవక కావాలంటే బటన్ల లెక్క వదిలేయండి. వంచే రెండు యాక్సిస్‌లకీ హాల్ సెన్సర్ ఉందా, మెలికకి ఏముంది అని అమ్మేవాళ్లని చాట్‌లో రాతపూర్వకంగా అడగండి. పొటెన్షియోమీటర్‌లో భాగాలు ఒకదానికొకటి రాసుకుంటాయి కాబట్టి అరుగుతుంది, దుమ్ము పట్టినా సిగ్నల్ వణుకుతుంది. హాల్ సెన్సర్ అయస్కాంతాన్ని తాకకుండా చదువుతుంది. దిగుమతి సరుకైతే డబ్బా మీద దిగుమతిదారు పేరు, అడ్రసు ఉండి తీరాలి. అవి లేనిది తీసుకోకండి, వారంటీకి ఎవర్ని అడగాలో కూడా తెలియదు. ఈసారి బిల్లు మీ పేరునే రాయించండి.

ఇప్పుడున్నది మాత్రం మీవాడిచేత స్క్రూలు బిగించి, డబ్బాలో పెట్టించి, బీరువాలో తాళం వేయండి.