ఓడ దొంగలతో ఓనమాలు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాం. బాబుకి అయిదేళ్లు, రిసెప్షన్ క్లాసు (ఇక్కడి బడిలో మొదటి ఏడాది). ఈ టర్మంతా బడిలో పైరేట్ల గోలే. కంటికి నల్లగుడ్డ కట్టుకుని, మ్యాపు పట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటాడు. ఆ ఊపులో ఇంగ్లిష్ పదాలు కూడబలుక్కుని చదివేస్తున్నాడు కూడా. తెలుగుకి కూర్చోబెడితే మాత్రం అ, ఆ దాటకముందే లేచిపోతాడు. తెలుగూ ఇలా నేర్పొచ్చా? మా అత్తయ్యగారు ‘దొంగాటలతో అక్షరాలేంటి’ అంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: భేషుగ్గా నేర్పొచ్చు. కాకపోతే ఒకటి గమనించండి, చీటీ చదవకపోతే నిధి పెట్టె దొరకదు కాబట్టి వాడు చదువుతున్నాడు. టోపీ, నల్లగుడ్డ కొనిచ్చి మళ్లీ అ, ఆలు వల్లె వేయిస్తే మీ డబ్బు దండగ.

అందుకని 56 అక్షరాలూ వరసగా రావాలనే పట్టుదల కొన్నాళ్లు పక్కన పెట్టండి. అ, ఓ, గ, డ, త, ప, ర, ల, వ – ఈ 9 చాలు మొదలెట్టడానికి. వీటితోనే ఓడ, పడవ, అల, వల, తల, అర, గడప, తలగడ అన్నీ వచ్చేస్తాయి, గుణింతం ఒక్కటీ అక్కర్లేదు. ‘తలగడ’ అని చీటీ రాసివ్వండి, తలగడ కింద ‘అర’ అని ఇంకో చీటీ, అరలో పెట్టె. (మీ ఇంటికి గడప లేకపోతే ఆ చీటీ మానేయండి!) కాగితాన్ని టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే పాతకాలం మ్యాపులా ఉంటుంది, ఆ పని పిల్లలకి భలే సరదా. ఇంగ్లిష్‌లో మూడు శబ్దాలు కలిపి ఒక మాట చేసే తిప్పలు పడ్డవాడికి ప–డ–వ అన్నది కష్టమేం కాదు, అక్షరాల పేర్లు వరసగా పలికితే మాట అయిపోతుంది. ప, వ దగ్గర మాత్రం తడబడతాడు, రెండూ ఒకేలా ఉంటాయి మరి. కోప్పడకండి.

అక్కడి ఫోనిక్స్ (శబ్దాలు కలిపి చదవడం నేర్పే) క్లాసుల్లో ఆడించే ఆట ఒకటి మనకీ బాగా పనికొస్తుంది. అట్టముక్కల్ని నాణేల్లా కత్తిరించి వాటి మీద మాటలు రాయండి. అర్థమున్న మాటైతే పెట్టెలోకి, లేకపోతే చెత్తబుట్టలోకి. ‘పడవ’ పెట్టెలోకి, ‘వడప’ బుట్టలోకి. ‘వల’ని తిప్పి ‘లవ’ అని రాసి బుట్టలో వేయించబోతే మా ఇంట్లో పెద్ద రగడైంది, లవకుశుల కథ అప్పటికే చెప్పి ఉన్నాం కదా!

ఇక అత్తయ్యగారి మాట. అదేం తీసిపారేయాల్సింది కాదు. 1718లో చనిపోయిన ఓడ దొంగ బ్లాక్‌బియర్డ్ లాంటివాళ్లు నిజంగానే దోపిడీగాళ్లు. దొరికిన సొమ్ము మ్యాపు గీసి పాతిపెట్టడం కూడా ఎక్కువగా కథల్లోదే, పంచుకుని ఖర్చు పెట్టేసేవాళ్లు. కాబట్టి బాబుని దొంగని కాకుండా కెప్టెన్ని చేయండి, ఆవిడకి మన కోస్తాలోని పాత ఓడరేవు మోటుపల్లి కథ అప్పజెప్పండి. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకుని ఒకప్పుడు రాజులే లాగేసుకునేవాళ్లు, అది కుదరదు, సుంకం మాత్రమే తీసుకుంటామని కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. రాతి మీద చెక్కిన తెలుగు అక్షరాలంటే మీవాడు ఊరుకుంటాడా, నాలుగు గులకరాళ్లు, ఒక సుద్దముక్క చేతికివ్వండి.

నెల తర్వాత కెప్టెన్ భుజం మీదికి ఒక చిలక కావాలి. ‘చిలక’ రాయాలంటే గుడి నేర్చుకోక తప్పదు. ‘నిధి’కైతే రెండు గుడులు. గుణింతం అక్కణ్ణుంచి ఎత్తుకోండి. పెట్టెలో చాక్లెట్ బదులు సున్నుండ పెడితే చీటీలు దాచే పని అత్తయ్యగారే తీసుకుంటారేమో, చూడండి.