చంటీకి, ఎక్స్‌రే గదిలోకి వెళ్లేముందు

చంటీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నీకు మెడికల్ ఇమేజింగ్ కోర్సులో సీటు వచ్చిందని చెబుతూ చెబుతూనే ఏడుపు అందుకుంది. "ఆ రేడియేషన్‌లో పనిచేసేవాళ్లకి పిల్లలు పుట్టరట గదా వదినా, రేపు వీడికి పిల్లనెవరిస్తారు?" అని. ఉద్యోగమంతా ఎక్స్‌రే గదిలోనే చేసి, ఇద్దరు పిల్లల్ని కని పెంచినదాన్ని, నన్నే అడిగింది ఆ మాట! కోప్పడ్డాను. ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. చాలా గర్వంగా ఉందిరా. దిగులూ ఉంది. మీ అమ్మ దిగులు నీ ఒంటికి ఏమవుతుందోనని. నా దిగులు నీ చేతి కిందికి వచ్చే మనుషులకి ఏమవుతుందోనని.

ముందు మీ అమ్మ సంగతి తేల్చేద్దాం. ఈ లెక్కలు ఆమెకి చదివి వినిపించు. మనం ఏ యంత్రం దగ్గరికీ వెళ్లకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి పడే రేడియేషన్‌కి కొలత అది) రేడియేషన్ పడుతూనే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే తీస్తే రోగికి పడేది సుమారు 0.02. రేడియేషన్‌తో పనిచేసేవాళ్లకి మన దేశంలో ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. లెడ్ (సీసం) అడ్డు వెనక నిలబడి ఎక్స్‌పోజర్ ఇచ్చే, అంటే స్విచ్ నొక్కి కిరణాలు వదిలే, టెక్నీషియన్‌కి మామూలుగా అందులో పదో వంతు కూడా రాదు. పిల్లలు పుట్టకపోవడం ఈ అంకెల దరిదాపుల్లో జరిగేది కాదు.

అయితే ఆ భయం ఊరికే పుట్టలేదు. 1895 నవంబర్‌లో రాంట్‌జెన్ ఈ కిరణాల్ని కనిపెట్టిన కొత్తలో జాగ్రత్తలు ఎవరికీ తెలియవు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ తన చేతుల్నే అడ్డం పెట్టి ట్యూబులు పరీక్షించేవాడు. పుళ్లు పడి క్యాన్సర్‌గా మారాయి. చేతులు తీసేసినా బతకలేదు, 1904లో పోయాడు. అలా పోయినవాళ్ల పేర్లతో జర్మనీలోని హాంబర్గ్‌లో 1936లో ఒక స్మారకం కట్టారు. ఎక్స్‌పోజర్ ఇచ్చేటప్పుడు అడ్డు వెనక్కి వెళ్లడానికి బద్ధకించేవాళ్లని చూస్తే నాకు వాళ్లే గుర్తొస్తారు.

అందుకని నీ ఒంటి గురించి గట్టిగా చెప్పేది ఒక్కటే, బ్యాడ్జి. నీకు ఎంత రేడియేషన్ పడిందో నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకో. డ్యూటీ అయ్యాక ఎక్స్‌రే గదిలో కొక్కేనికి తగిలించి ఇంటికి పోకు, గదిలో పడిందంతా నీ పేరు మీద నమోదవుతుంది. వేరేవాళ్లది పెట్టుకోకు. కొన్నిచోట్ల విద్యార్థుల్ని నైట్ డ్యూటీలకి ఉచితంగా వాడుకుంటారు. బ్యాడ్జి ఇవ్వరు, పక్కన సీనియర్ ఉండడు. అలాంటి చోట స్విచ్ ముట్టుకోకు. మార్కులు తగ్గిస్తారేమోనని టెన్షన్ పడకు. నాకు ఫోన్ చెయ్, నేనొచ్చి మాట్లాడతాను.

మిగతావి కాలేజీలో నేర్పుతారు. పేరు, ఏ వైపు నొప్పి అన్నవి రోగి నోటితోనే చెప్పించు. కుడో ఎడమో ఫిల్మ్ మీద తెలిపే మార్కర్ పెట్టకుండా ఎక్స్‌పోజర్ ఇవ్వకు. ఛాతీకి ఆరడుగుల దూరం, గడ్డం పైకి, భుజాలు ముందుకి, ఊపిరి నిండా పీల్పించి బిగబట్టించు. కొలిమేషన్, అంటే కిరణాలు పడే మేర, ఎంత కావాలో అంతే తెరువు. ఏప్రాన్ మడత పెట్టకు, లోపల లెడ్ పగులుతుంది. కాంట్రాస్ట్ (లోపలి భాగాలు ఫిల్మ్‌లో స్పష్టంగా కనపడేలా చేసే మందు) ఎక్కించే ముందు ఎలర్జీ ఉందా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత అని చూడు. ఎమ్మారై అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబైలో రోగి తాలూకు మనిషి ఒకతను ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. తలుపు దగ్గర నువ్వు నిలబడినప్పుడు ఎవరు తొందరపెట్టినా లోపలికి వదలకు.

ఎంఏఎస్, అంటే ఎన్ని కిరణాలు వదలాలో యంత్రానికి పెట్టే అంకె, దాని గురించి మాత్రం ఒక మాట. మా రోజుల్లో ఎక్కువ పెడితే ఫిల్మ్ నల్లగా మాడిపోయేది. డార్క్ రూమ్‌లో ఎర్ర బల్బు కింద డెవలపర్‌లోంచి పైకి తీస్తుంటేనే తెలిసిపోయేది, వెంటనే తిట్లు పడేవి. ఇప్పుడు డిజిటల్‌లో డోసు రెట్టింపు పెట్టినా కంప్యూటర్ సర్ది చక్కటి బొమ్మ చూపిస్తుంది. తక్కువ పెడితేనే బొమ్మ గరుగ్గా వస్తుంది కాబట్టి, ఎందుకైనా మంచిదని అందరూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు. రోగికి తెలియదు, రాసిన డాక్టరుకీ తెలియదు. ఎన్ని కిరణాలు పడ్డాయో యంత్రం చూపించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అంకె చూసేవాడికే తెలుస్తుంది. ప్రతి ఫిల్మ్‌కీ చూడు.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను కొత్తగా చేరిన ఆసుపత్రిలో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు. ఊరు వద్దు, పేరూ వద్దు. పొజిషనింగ్‌లో, అంటే రోగినీ ట్యూబునీ సరైన తీరులో పెట్టడంలో, ఆయన్ని మించినవాళ్లని నేను చూడలేదు. చేత్తో ఎముక తడిమి ట్యూబు పెట్టారంటే రెండోసారి తీయాల్సిన పనుండేది కాదు. ఒకరోజు ఒక కొత్త కోడల్ని తీసుకొచ్చారు. నడుము పక్కన నొప్పి, కిడ్నీలో రాయి ఉందేమోనని డాక్టరు ఐవీపీ, అంటే నరంలోకి మందు ఎక్కించి కిడ్నీలకి తీసే ఎక్స్‌రేలు, రాశారు. వరండా నిండా జనం. ఈయన తలుపు దగ్గర నిలబడి, అత్తామామలూ బయటి మగవాళ్లూ అంతా వింటుండగానే, "ఏమ్మా, నెల తప్పలేదుగా?" అన్నారు. ఆ పిల్ల తల వంచుకుని అడ్డంగా ఊపింది. "అబ్బే, అలాంటిదేం లేదండీ" అని అత్తగారు పూర్తిచేసింది. ఆయన రిజిస్టర్లో లేదు అని రాసుకున్నారు. మందు ఎక్కించారు, ఒకదాని వెనక ఒకటి ఫిల్ములు తీశారు. నేను లోపల కడిగి ఆరబెట్టాను. మంచి ఫిల్ములు.

మూడు వారాలకి కుటుంబమంతా తిరిగొచ్చింది. ఆ అమ్మాయికి మూడో నెల. ఎక్స్‌రే పడితే బిడ్డ అవిటిగా పుడుతుందని ఊళ్లో ఎవరో చెప్పారట. మామగారు వరండాలోనే గొంతు పెంచారు. ఈయన హడలిపోయారు. రేడియాలజిస్ట్ పై అంతస్తులోనే ఉన్నారు, నాలుగు మెట్లెక్కించి పంపితే సరిపోయేది. పంపలేదు. "మేం అడిగాం, మీరే లేదన్నారు, రిజిస్టర్లో ఉంది చూసుకోండి. ఇంక మీ ఇష్టం, తీయించుకుంటేనే మంచిది" అనేశారు.

ఆ గొడవలో నేను అమ్మాయిని పక్కకి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చాను. "ఆ రోజుకే డేటు దాటి పన్నెండు రోజులైందక్కా. మా అత్త పక్కనుంటే, అంతమంది మగాళ్ల ముందు, ఎట్టా చెప్పేది?" అంది.

వారం తిరక్కుండానే ఎక్కడో కడుపు తీయించేశారు. సంగతి తెలిశాక రేడియాలజిస్ట్ ఫిల్ముల లెక్క తెప్పించుకుని కాగితం మీద వేసి చూపించారు. కడుపులో బిడ్డకి పడింది 10 మిల్లీగ్రే (ఒంట్లోకి ఇంకిన రేడియేషన్‌కి కొలత) కూడా లేదు. 100 మిల్లీగ్రే లోపు డోసు పడిందన్న కారణంతో గర్భం తీయించుకోనక్కర్లేదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2000లో స్పష్టంగా రాసింది. మామూలు పొట్ట ఎక్స్‌రే ఒక్కటైతే బిడ్డకి చేరేది ఒకటి రెండు మిల్లీగ్రేలు. ఈ అంకెలు నోటికి రావాలి నీకు. ఎవరైనా భయంతో వణుకుతూ నీ ముందుకొచ్చినప్పుడు పుస్తకం వెతుక్కునే టైముండదు. నీకై నువ్వు తీర్పు చెప్పకు. కానీ "కంగారు పడకండి, ఏ నిర్ణయమూ తీసుకోకండి, ముందు డాక్టరుగారిని కలవండి" అని చెప్పి, నువ్వే దగ్గరుండి తీసుకెళ్లు.

ఆయన చెడ్డమనిషి కాదు. రూలు ప్రకారం అడిగారు, రాసుకున్నారు. నన్ను ఇన్నేళ్లూ బాధపెట్టింది అదే. మీ పుస్తకంలోనూ గర్భం ఉందేమో అడగాలని ఒక వాక్యం ఉంటుంది, పరీక్షలో రెండు మార్కులకి వస్తుంది, నువ్వూ రాసేస్తావు. ఎలా అడగాలో ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను, విను.

గౌను మార్చుకునే గదిలో, తలుపు వేసి, ఆమెని ఒక్కదాన్నే అడగాలి. నువ్వు మగపిల్లాడివి, నీకు చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. నర్సునో ఆయమ్మనో పంపి అడిగించు. మాటలు నువ్వే నేర్పు. "కడుపుతో ఉన్నావా?" అంటే లేదనే వస్తుంది. "పోయినసారి డేటు ఎప్పుడొచ్చింది?" అని అడగాలి. తారీకు గుర్తులేకపోతే సంక్రాంతికి ముందా, తర్వాతా అని అడిగితే టక్కున చెబుతారు. పెళ్లికాని అమ్మాయిని తల్లిదండ్రుల ఎదుట అడగకు, పెళ్లికాలేదు కదా అని అడక్కుండానూ వదలకు. ఆమె చెప్పింది డాక్టరు దాకానే వెళ్లాలి, వరండాలోకి రాకూడదు. అనుమానముంటే ఆగు. అల్ట్రాసౌండ్‌తో సరిపోతుందేమో, నాలుగు రోజులు ఆగొచ్చేమో డాక్టరు చెబుతారు. యాక్సిడెంట్ కేసులో ప్రాణం మీదికొస్తే గర్భిణికైనా తీయాల్సిందే. భయంతో మానేసినా మనిషికి నష్టమే.

అల్ట్రాసౌండ్ గది పక్కనే ఉంటావు కాబట్టి ఇది కూడా. "లడ్డూనా, జిలేబీనా చెప్పు బాబూ" అని నీ దగ్గరికీ వస్తారు, జేబులో నోట్లు పెడతారు. 1994 చట్టం ప్రకారం ఆడో మగో మాటతో చెప్పినా, సైగతో చెప్పినా నేరమే, జైలే. మా నాన్నకి నేను వరసగా మూడో ఆడపిల్లని. అప్పట్లో ఆ మెషిన్లు ఉండుంటే ఏం జరిగేదోనని అప్పుడప్పుడు అనుకుంటాను.

ఫిల్మ్ తీయగానే అందరూ "ఏమొచ్చింది?" అని నీ మొహంలోకి చూస్తారు. రిపోర్టు చెప్పడం నీ పని కాదు. అలాగని విసుక్కోకు. ఫిల్మ్ బాగా వచ్చింది, డాక్టరుగారు చూసి ఫలానా టైముకి చెబుతారు అని చెప్పు, ఆ టైము నిజమైనదై ఉండాలి. వింత ఫిల్మ్ కనిపించిందని వాట్సాప్‌లో స్నేహితులకి పంపితే మాత్రం నేను క్షమించను. పేరు చెరిపేశాననే సాకు చెప్పకు. అది ఒకరి ఒంటి లోపలి బొమ్మ, నీకు చూపించింది వైద్యం కోసం.

ఫీజు విషయంలో మీ నాన్న మొహమాటపడతాడు. మొదటి ఏడాదిది నేను కడతానని చెప్పు. దసరాకి వచ్చి నా పొజిషనింగ్ పుస్తకం పట్టుకెళ్లు, పాతదే అయినా బొమ్మలు స్పష్టంగా ఉంటాయి. రెండు రోజులు ఉండేలా రా. హాల్లో మంచం మీద నేను పడుకుంటాను, భుజం, నడుము, మోకాలు ఒక్కొక్కటీ నువ్వు పెట్టి చూపించాలి. నా ఎడమ మోకాలు సరిగ్గా వంగదు, తిప్పేముందు చెప్పి తిప్పు.

మీ అత్త