విరిగిన ముక్కలను కలపవద్దు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు లోహాల ఫెటీగ్ మీద, అంటే పదేపదే పడే బలానికి లోహం అలసి విరగడం మీద, పరిశోధనకు చేరబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వంగానూ, మరో పక్క గుబులుగానూ ఉంది.

కళ్లద్దాలు పెట్టుకోవడం, బలాన్ని కొలిచే లోడ్ సెల్ క్యాలిబ్రేషన్ చూసుకోవడం, నమూనాను పట్టుకునే గ్రిప్పులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో సరిచూసుకోవడం నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. నమూనాను లాగే యంత్రపు అడ్డదూలం, అదే క్రాస్‌హెడ్, కదిలిన దూరాన్ని మాత్రం నమూనా సాగుదలగా లెక్కవేయకు. యంత్రమూ గ్రిప్పులూ కూడా కొంత సాగుతాయి కనుక, ఉక్కు యంగ్ గుణకం, అంటే సాగకుండా నిలిచే బిగువు కొలత, 200 గిగాపాస్కల్‌లకు ఎంతో తక్కువగా వస్తే తప్పు ఉక్కుది కాదు.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. నమూనా మీద ఒకసారి బలం వేసి తీయడం ఒక ఆవృత్తం; సెకనుకు 10 ఆవృత్తాల చొప్పున కోటి ఆవృత్తాలు నడపడానికి పదకొండు రోజులకు పైగా పడుతుంది. నీ వయసులో నేను అలా కాపలా కాసిన ఒక ఉక్కు నమూనా ఏడో రోజు తెల్లవారుజామున విరిగింది. ఆత్రం ఆపుకోలేక, ఎలా విరిగిందో చూద్దామని రెండు ముక్కలనూ చేతుల్లోకి తీసుకుని, ఒకదానికొకటి ఆనించి, సరిగ్గా అతుకుతున్నాయని మురిసిపోతూ కాస్త తిప్పాను కూడా. కర్రుమని చిన్న చప్పుడైంది. తరువాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, పగులు అంగుళం అంగుళం కాదు, మైక్రాన్ మైక్రాన్‌గా ముందుకు జరిగిన గుర్తుగా ఉండవలసిన సన్నని గీతలు నలిగిపోయి, నునుపైన రాపిడి మచ్చలు మాత్రమే కనిపించాయి. అంచున నా వేలి చెమ్మకు తుప్పు కూడా పట్టింది. మా గురువుగారు కేకలు వేయలేదు, "పగులు ఎక్కడ మొదలైంది?" అని మాత్రం అడిగారు. లోపలి మలినం దగ్గరో, ఉపరితలం మీది గీత దగ్గరో, నాకు ఈనాటికీ తెలియదు.

అందుకే చెబుతున్నాను, బుద్ధిగా విను: ముక్కలను కలపకు, విరిగిన ముఖాన్ని తాకకు, ముందు ఫోటో తీసి, వేర్వేరు డబ్బాల్లో పెట్టి, తేమ చేరనివ్వని డెసికేటర్‌లో దాచు. విరిగిన వెంటనే యంత్రం ఆగిపోయేలా స్థానభ్రంశ పరిమితి పెట్టుకో. లేకపోతే నేను చేసిన పని యంత్రమే చేస్తుంది, ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టిస్తుంది. ఆ పరిమితి ఉంటే నాలాగా రాత్రంతా కూర్చోనవసరం లేదు తల్లీ, వెళ్లి నిద్రపో.

మొదటి నమూనా విరిగినప్పుడు ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యి. ఎక్కడ మొదలైందో నాకు చెప్పు.

మీ పెదనాన్న