ఫైర్‌మ్యాన్‌కి బాంబులతో పనేంటి?

అమలాపురం నుంచి ఒకాయన అడిగారు: "మా తమ్ముడు కొత్తగా ఫైర్‌మ్యాన్‌గా చేరాడు. ఉగ్రవాద దాడుల మీద ట్రైనింగ్ ఉందంటున్నాడు. కోనసీమలో ఆ గొడవలెక్కడివి? మంటలార్పేవాడికి అదెందుకు?" నేను గోదావరి జిల్లాల్లోనే ఫైర్ సర్వీసులో చేసి రిటైరయ్యాను, నాకు తెలిసింది చెప్తానండి.

ఆ ట్రైనింగులో ముందు నేర్పేది ఆగడం. మా ఉద్యోగమంతా పరుగే కదా! గంట మోగగానే బండెక్కాలి, దిగగానే హోస్ పరవాలి. బాంబు పేలిన చోట ఆ అలవాటే ప్రాణం మీదకి తెస్తుంది. మొదటిది జనానికి పెడితే, రెండోది సాయానికొచ్చేవాళ్ళ కోసం పెట్టి ఉండొచ్చు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరస పేలుళ్ళయ్యాక, క్షతగాత్రుల్ని చేర్చిన ఆసుపత్రి దగ్గర కూడా పేల్చారు.

ఓసారి బస్టాండులో మాక్ డ్రిల్ పెట్టారు. కాలేజీ కుర్రాళ్ళకి ఎర్రరంగు పూసి పడుకోబెడితే, వాళ్ళు సినిమాకి మించి కేకలు పెట్టారు లెండి. మా వాడొకడు చేతిలో బ్రాంచి (హోస్ చివర నీళ్ళు చిమ్మే గొట్టం) పడేసి, దగ్గర్లో ఉన్నవాణ్ణి భుజానికెత్తుకోబోయాడు. ట్రైనర్ విజిలేసి, "నువ్వూ పోయావు, వాడి పక్కనే పడుకో" అన్నాడు. రెండో బాంబని పెట్టిన సంచి సోడాబండి కింద ఉంది, సరిగ్గా మేం ఫైరింజన్ ఆపిన చోటే.

అనుమానంగా ఉన్న సంచిని ముట్టుకోకూడదు, దాని దగ్గర వాకీటాకీ, సెల్ వాడకూడదు, అది బాంబ్ స్క్వాడ్ పని. జనాన్ని దూరంగా పంపడం, మంట లేని చోట నీళ్ళు కొట్టి ఆధారాలు చెరిపెయ్యకపోవడం మన పని. ముంబయి తాజ్ హోటల్లో 2008 నవంబరులో లోపల కాల్పులు జరుగుతుండగానే ఫైర్‌వాళ్ళు నిచ్చెనలేసి కిటికీల్లోంచి జనాన్ని దించారు. పోలీసుతో మాట కలవకపోతే అలాంటి పని సాగదు.

ఇక కోనసీమ సంగతి. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని మండడం), 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలుడు. రెండూ ఎవరో కావాలని చేసినవి కావు. కానీ రేపు ఎవడైనా కావాలని చేసినా, మనవాడు చేయాల్సింది అదే: బండి గాలికి ఎదురువైపు నుంచి కాకుండా, గాలి వీపుకి తగిలేలా పోనివ్వాలి. గాలి ఎటుందో కొబ్బరాకుల కొసలు చూస్తే తెలిసిపోతుంది. వంటగ్యాస్ అయితే గాలికంటే బరువు, బోదెల్లోకి దిగి కూర్చుంటుంది. అక్కడ ఇంజన్ నడుస్తూ ఉంటే, అంటుకోవడానికి అదొక్కటి చాలు.

నివారణ అంటారా, మనం పోలీసులం కాదు. తనిఖీకి వెళ్ళిన గొడౌన్లో ఉండకూడని రసాయనం కనిపిస్తే స్టేషన్ ఆఫీసర్‌కి చెప్పాలి, వాట్సాప్‌లో పెట్టకూడదు. ఊరికే పేరు చూసి, గడ్డం చూసి అనుమానించేవాడు నా లెక్కలో పనికిరాడు.

2027లో పుష్కరాలున్నాయి. 2015లో రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట చూశాం, ఆ జనంలో బాంబని పుకారు లేచినా చాలు. మీ తమ్ముణ్ణి ఇప్పట్నుంచే తన స్టేషన్ పరిధిలో గ్యాస్ వాల్వులెక్కడున్నాయో, ఏ కాలవగట్టు మీద ఫైరింజన్ పడుతుందో, ఏ వంతెన దాని బరువు మొయ్యదో సైకిలేసుకుని చూసి రమ్మనండి.